చలికాలం దాటాక క్యాంపర్‌లో నీళ్ల లైన్లను మళ్లీ వాడకంలోకి తేవడం ఎలా

చలికాలం ముందు క్యాంపర్‌ను, అంటే పడక, వంట, స్నానం ఏర్పాట్లున్న బండిని, మూలన పెట్టేటప్పుడు నీళ్ల లైన్లకు ఏమేం చేశామో అవన్నీ ఇప్పుడు వెనక్కి తిప్పాలి. తీరా చూస్తే నాలుగైదు నెలల కిందట ఏ వాల్వు ఎటు తిప్పామో, ఏ బిరడా తీసి ఏ అరలో పడేశామో గుర్తుండదు. దాంతో చాలామంది నేరుగా ట్యాంకు నింపి, పంపు స్విచ్ వేసి, గీజరు కూడా ఆన్ చేసేస్తారు. కుళాయిలో నీళ్లొస్తే పనైపోయిందనుకుంటారు. మొదటి ఏడాది నేనూ అదే చేశాను. చలికాలంలో నీళ్లు గీజరులోకి పోకుండా పక్కదారి పట్టించే బైపాస్ వాల్వు తిప్పకుండానే గీజరుకు కరెంటు ఇచ్చాను. లోపల చుక్క నీరు లేదు. ఎలిమెంటు కాలిపోవడానికి నిమిషం కూడా పట్టలేదు.

అప్పటినుంచి ఒకే వరుస పాటిస్తున్నాను. ముందు లీకులు వెతకడం, తర్వాత చలికి పైపులు పగలకుండా లైన్లలో నింపిపెట్టిన యాంటీఫ్రీజ్ ద్రవం పూర్తిగా పోయేదాకా కడగడం, ఆ తర్వాత బ్లీచ్‌తో శుద్ధి చేయడం, అన్నిటికంటే ఆఖరున గీజరు వేడి చేయడం. లీకులు చూడకుండా బ్లీచ్ నీళ్లు ఎక్కిస్తే ఆ నీళ్లే చెక్క మీద, పరుపు మీద కారతాయి. యాంటీఫ్రీజ్ కడగకుండా గీజరు తెరిస్తే అది గీజరులోకి చేరుతుంది, దాన్ని వదిలించడానికి ఇంకో పూట పడుతుంది. ఈ పనికి ప్రయాణానికి ముందురోజు సాయంత్రం చాలదు. కనీసం ఒక పూర్తి రోజు కేటాయించండి. ఏదైనా పగిలి ఉంటే కొత్తది తెచ్చి బిగించడానికి వ్యవధి ఉండేలా ఒక వారం ముందే మొదలుపెడితే ఇంకా మంచిది.

మొదలుపెట్టే ముందు

పగలు ఎండ కాస్తోందని తొందరపడకండి. రాత్రిపూట ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలకు దిగుతున్నంత కాలం లైన్లలో నీళ్లు నింపకపోవడమే మేలు. నీరు గడ్డకడితే దాని పరిమాణం దాదాపు 9 శాతం పెరుగుతుంది. మెత్తటి పైపులు కాస్త సాగి తట్టుకోవచ్చు గానీ ప్లాస్టిక్ జాయింట్లు, ఫిల్టర్ గిన్నె, పంపు తల, టాయిలెట్ వెనక ఉండే వాల్వు తట్టుకోలేవు.

వాసన కలపని మామూలు లిక్విడ్ బ్లీచ్ కొత్త సీసా ఒకటి, కొత్త ఫిల్టర్, ఒక బకెట్, టార్చిలైటు, టిష్యూ కాగితాలు, టెఫ్లాన్ టేపు, తాగునీటి పరికరాలకు వాడే సిలికాన్ గ్రీజు దగ్గర పెట్టుకోండి. తాగునీటి గొట్టం విడిగా ఉండాలి. మురుగు ట్యాంకు కడిగే గొట్టాన్ని, ఎంత శుభ్రంగా కనిపించినా సరే, తాగునీటి కుళాయికి ఎప్పుడూ తగిలించకండి. రెండూ ఒకే పెట్టెలో చుట్టి పెట్టడం కూడా నాకు ఇష్టం ఉండదు.

బ్యాటరీని ముందే చూసుకోండి. పూర్తిగా ఛార్జ్ అయి విశ్రాంతిగా ఉన్న 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ దాదాపు 12.6 వోల్టులు చూపిస్తుంది. అది బాగా నీరసించి ఉంటే పంపు ఈడ్చుకుంటూ తిరుగుతుంది. మీరేమో పంపు పాడైందని అనుకుంటారు.

ఇప్పుడు క్యాంపర్‌ను చదునైన చోట నిలిపి, మంచినీళ్ల ట్యాంకు అడుగున ఉన్న డ్రెయిన్ తెరవండి. బండి కింద అన్నిటికంటే పల్లంలో రెండు సన్నటి గొట్టాలు కనిపిస్తాయి. ఒకటి చల్లనీళ్ల లైనుది, ఇంకొకటి వేడినీళ్లది. వాటి కింద బకెట్ పెట్టి, మూతలు తీసి, లోపలి కుళాయిలన్నీ తెరవండి. గాలి పోతేనే మిగిలిన ద్రవం పూర్తిగా దిగుతుంది. కారడం ఆగాక అన్నీ మూసేయండి.

పంపుకు ముందు చిన్న పారదర్శక గిన్నెలో ఒక జాలీ ఉంటుంది. దాన్ని విప్పి చూడండి. ట్యాంకు తయారీలో మిగిలిన ప్లాస్టిక్ తురుము, ఇసుక, ఒక్కోసారి పాచి అందులో చిక్కుకుని ఉంటాయి. కడిగి, రబ్బరు రింగు సరిగ్గా కూర్చుందో లేదో చూసి మళ్లీ బిగించండి. ఆ రింగు మడతపడితే పంపు నీళ్లకు బదులు గాలి పీలుస్తుంది. అక్కడే ఇంకో వాల్వు ఉంటుంది, దాన్ని చాలామంది మర్చిపోతారు. యాంటీఫ్రీజ్‌ను సీసాలోంచి పీల్చుకోవడానికి పంపు దగ్గర చిన్న గొట్టం అమర్చి ఉంటే, ఆ వాల్వు ఇంకా సీసా వైపే తిరిగి ఉంటుంది. దాన్ని ట్యాంకు వైపు తిప్పాలి. పంపు తిరుగుతోంది, నీళ్లు మాత్రం రావడం లేదంటే నేను మొదట చూసేది ఆ వాల్వునే.

పాత ఫిల్టర్ పారేసి, గిన్నెను ఖాళీగా బిగించండి. కొత్త ఫిల్టర్ ఇప్పుడే వేయకూడదు. బ్లీచ్ పని అయ్యేదాకా అది దాని ప్యాకెట్‌లోనే ఉండాలి. గీజరు బైపాస్ కూడా ప్రస్తుతానికి చలికాలపు స్థితిలోనే ఉంచండి.

లీకులు

ఈ పని మొత్తంలో నేను అన్నిటికంటే ఎక్కువసేపు కేటాయించేది ఇక్కడే. సన్నటి పగులు ఖాళీ పైపులో కంటికి కనిపించదు. ఒత్తిడి ఎక్కినప్పుడే బయటపడుతుంది.

ట్యాంకులో ముందు 40 లీటర్లు పోయండి చాలు. పంపుకు దూరంగా ఉన్న చల్లనీళ్ల కుళాయి ఒకటి తెరిచి పంపు ఆన్ చేయండి. మొదట గాలి, తర్వాత తుంపర్లు, తర్వాత గులాబీ రంగు యాంటీఫ్రీజ్ వస్తుంది. ధార నిలకడగా వచ్చాక మూసి, తక్కిన కుళాయిలనూ ఒక్కొక్కటిగా తెరిచి గాలి తీసేయండి. షవర్, టాయిలెట్, బండి బయట ఉండే షవర్ ఏదీ వదలకండి. బయటి షవర్ పని అయ్యాక దాని రెండు కుళాయిలూ తప్పకుండా కట్టేయండి. షవర్ తల దగ్గర బటన్ నొక్కి ఆపేసి కుళాయిలు తెరిచే వదిలేస్తే, చల్లనీళ్లు వేడినీళ్లు అక్కడ కలిసిపోయి, తర్వాత లోపల ఏ కుళాయి తిప్పినా గోరువెచ్చటి నీళ్లే వస్తాయి. గీజరు పాడైందని మెకానిక్‌ను పిలిపించి, చివరకు ఈ రెండు కుళాయిలు కట్టేయడంతో సరిపోయిన సందర్భాలు నేను చూశాను.

అన్నీ మూశాక పంపు కొన్ని క్షణాలు తిరిగి దానంతటదే ఆగాలి. అందులో ప్రెషర్ స్విచ్ ఉంటుంది. లైనులో ఒత్తిడి నిండితే ఆగుతుంది, తగ్గితే మళ్లీ తిరుగుతుంది. అందుకే లీకుల సంగతి చెప్పేది పంపే. రేడియో, ఫ్యాను కట్టేసి 20 నిమిషాలు కూర్చుని వినండి. ఎవరూ కుళాయి తిప్పకుండానే పంపు మధ్యమధ్యలో గుర్రుమని ఒక క్షణం తిరిగిందంటే ఒత్తిడి ఎక్కడో పోతున్నట్టే.

అప్పుడు టార్చి పట్టుకుని వెతకాలి. సింకుల కింద, గీజరు వెనక, పంపు చుట్టూ, ఫిల్టర్ గిన్నె అడుగున, టాయిలెట్ వెనక మూలన ప్రతి జాయింటు చుట్టూ పొడి టిష్యూ కాగితం తిప్పి చూడండి. చేతికి తడి తెలియని చోట కాగితానికి తెలుస్తుంది. టాయిలెట్ వాల్వును రెండుసార్లు చూడండి. నీళ్లు దిగకుండా మిగిలిపోయే చోటు అది, పగిలే వాటిలో ముందు వరసలో ఉంటుంది. జాయింటు వదులైతే చేత్తో బిగించి, అవసరమైతేనే రెంచితో ఇంకో పావు చుట్టు తిప్పండి. ప్లాస్టిక్ మరను బలమంతా పెట్టి బిగిస్తే బాగున్నది కూడా చీలుతుంది.

ఎంత వెతికినా తడి కనిపించదు, పంపు మాత్రం ఆగి ఆగి తిరుగుతూనే ఉంటుంది. అలాంటప్పుడు నీళ్లు బయటికి కాకుండా పంపులోంచే వెనక్కి, ట్యాంకులోకి పోతుండవచ్చు. నీటిని ఒకే దిక్కుకు పోనిచ్చే వాల్వు పంపులో ఉంటుంది. అందులో ఇసుక రేణువు చిక్కుకున్నా సరిగా మూసుకోదు. తేల్చుకోవడానికి తేలికైన మార్గం ఉంది. పంపు ఆపి, బయటి కుళాయికి గొట్టం తగిలించి లైనుకు నీళ్లివ్వండి. ఓ గంట తర్వాత మంచినీళ్ల ట్యాంకులో మట్టం దానంతటదే పెరిగిందంటే నీళ్లు వెనక్కి పోతున్నాయి, ఆ వాల్వునే అనుమానించాలి.

బయటి కనెక్షన్ పరీక్ష ఎలాగూ చేయాలి. గొట్టాన్ని తగిలించే ముందు ఒక నిమిషం నీళ్లు నేల మీదికి వదిలి, గొట్టంలో నిలవ ఉన్నదంతా పోనివ్వండి. నీటి ఒత్తిడిని అదుపులో ఉంచే ప్రెషర్ రెగ్యులేటర్‌ను గొట్టం చివర కాకుండా కుళాయి దగ్గరే పెట్టండి, అప్పుడు గొట్టానికి కూడా రక్షణ ఉంటుంది. ఒత్తిడి 40 నుంచి 50 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) చాలు. క్యాంపర్‌కు గొట్టం తగిలే చోట లోపల చిన్న జాలీ ఉంటుంది, దాన్నీ కడగండి. కానీ ముందు లోపలి కుళాయి తెరిచి ఒత్తిడి పూర్తిగా వదిలేశాకే దాన్ని తాకండి.

లీకు కనిపిస్తే అది బాగయ్యేదాకా ముందుకు వెళ్లకండి. చుక్కే కదా అని వదిలేస్తే గోడ లోపలి చెక్క మెత్తబడి, ఏడాది తిరిగేసరికి నేల ఊడదీయాల్సి వస్తుంది. క్యాంపర్లను చంపేది దూరప్రయాణాల కంటే ఈ చుక్కలే.

గులాబీ రంగు పోయేదాకా

క్యాంపర్ లైన్లలో వాడే గులాబీ రంగు యాంటీఫ్రీజ్ ప్రొపిలీన్ గ్లైకాల్‌తో చేసింది. విషగుణం చాలా తక్కువ. అయినా దాన్ని తాగే నీళ్లలో ఉండనివ్వకూడదు. కారు రేడియేటర్లో పోసే ఇథిలీన్ గ్లైకాల్ మాత్రం అసలైన విషం. బండి పాతదిగా కొని, అంతకుముందు వాళ్లు ఏం పోశారో తెలియకపోతే, లైన్లు పూర్తిగా శుభ్రమయ్యాయని నిపుణులు తేల్చేదాకా ఆ నీళ్లు వంటకు, తాగడానికి వాడకండి.

ట్యాంకులో ఇంకొన్ని నీళ్లు పోసి, ఒక్కో కుళాయిని చల్లనివైపు, వేడివైపు విడివిడిగా తెరిచి ఉంచండి. రంగు పోవడమే గుర్తు కాదు. రంగు పోయాక కూడా గాజు గ్లాసులో పట్టి ఊపితే నురగ నిలుస్తుంటే ఇంకా గ్లైకాల్ ఉన్నట్టే. నురగ వెంటనే విరిగిపోయేదాకా కడగండి. ఐస్ మేకర్, వాషింగ్ మెషిన్ ఉంటే వాటి లైన్లకూ ఇదే పద్ధతి. ఐస్ మేకర్ మొదట చేసే రెండు మూడు విడతల మంచు ముక్కల్ని పారేయండి. ఈ నీళ్లన్నీ వాడిన నీళ్ల ట్యాంకులోకే పోనివ్వండి, నేల మీదికి వదలకండి.

గీజరు

కుళాయిల నీళ్లు స్వచ్ఛంగా వచ్చాకే గీజరు వంతు. కరెంటు స్విచ్, గ్యాస్ స్విచ్ రెండూ ఆపి ఉన్నాయని చూసుకుని, పంపు ఆపి, ఒక వేడినీళ్ల కుళాయి తెరిచి ఒత్తిడి వదిలేసి, బయటివైపు అడుగున ఉన్న బిరడా విప్పండి.

గీజరు ట్యాంకుల్లో రెండు రకాలు ఎక్కువగా కనిపిస్తాయి. లోపల గాజుపూత ఉన్న ఉక్కు ట్యాంకుకు బిరడాతో పాటు పొడవాటి యానోడ్ కడ్డీ ఉంటుంది. తుప్పు ట్యాంకుకు పట్టకుండా ఆ కడ్డీ తాను కరిగిపోతుంది. ముప్పావు వంతు తినేసి ఉంటే కొత్తది వేయండి, దాని మరకు టెఫ్లాన్ టేపు చుట్టండి. అల్యూమినియం ట్యాంకుకు సాధారణంగా మామూలు ప్లాస్టిక్ బిరడా ఉంటుంది. దానికి యానోడ్ కడ్డీ బిగించే ప్రయత్నం చేయకండి. బిరడా తీసినప్పుడు సన్నటి గొట్టంతో లోపల నీళ్లు చిమ్మితే అడుగున పేరుకున్న తెల్లటి గసి కుప్పలుగా బయటికొస్తుంది. అది రావడం ఆగాక బిరడా బిగించండి.

ఇప్పుడు బైపాస్. మీ బండిలో ఒక వాల్వు ఉండొచ్చు, రెండు ఉండొచ్చు, మూడు ఉండొచ్చు. మూడు ఉంటే గీజరులోకి వెళ్లే చల్లనీళ్ల వాల్వు, బయటికొచ్చే వేడినీళ్ల వాల్వు తెరవాలి, వాటి మధ్య అడ్డంగా ఉన్న బైపాస్ వాల్వు మూయాలి. పిడి పైపు వెంటే, పైపు ఉన్న దిశలోనే ఉంటే తెరిచినట్టు, పైపుకు అడ్డంగా ఉంటే మూసినట్టు. ఒకసారి సరిచేశాక ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. చలికాలంలో మూసేటప్పుడు ఇంకో ఫొటో తీయండి. నేను ఈ రెండు ఫొటోలను అచ్చు వేయించి గీజరు అర తలుపుకు అంటించాను.

గీజరులో ఇంకా నీళ్లు నింపకండి. దాన్ని బ్లీచ్ నీళ్లే మొదట నింపాలి.

బ్లీచ్‌తో శుద్ధి

నెలల తరబడి తడిగా మూసి ఉన్న ట్యాంకు గోడలకు కంటికి కనిపించని జిగురు పొర పడుతుంది. సూక్ష్మజీవులు అందులో దాక్కుంటాయి, మామూలు నీళ్లతో కడిగితే పోవు. కొలత ఇలా వేసుకోండి. 5 శాతం బలం ఉన్న బ్లీచ్ అయితే లీటరు నీటికి 1 మిల్లీలీటరు. మంచినీళ్ల ట్యాంకు 150 లీటర్లు, గీజరు 22 లీటర్లు అనుకుంటే మొత్తం 172 మిల్లీలీటర్లు. ఇలా కలిపితే లీటరు నీటిలో దాదాపు 50 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉంటుంది. సీసా మీద 8 శాతం అని ఉంటే లీటరుకు 0.6 మిల్లీలీటర్లు చాలు. ఏడాది కిందట తెరిచిన సీసాను నమ్మకండి, బ్లీచ్ బలం నిలవలో తగ్గిపోతూ ఉంటుంది. పరిమళం కలిపినవి, చిక్కగా జిగటగా ఉండేవి వద్దు.

బ్లీచ్‌ను నేరుగా ట్యాంకులో పోయకండి. బకెట్ నీళ్లలో కలిపి ఆ నీళ్లను పోసి, తర్వాత మంచినీళ్లతో నింపండి. కిటికీలు తెరిచి ఉంచండి, చేతులకు గ్లవ్స్ వేసుకోండి. ఆ రోజు వెనిగర్ సీసాను దగ్గరికి కూడా రానివ్వకండి. బ్లీచ్, వెనిగర్ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. గీజరులో గసి కరిగించడానికి వెనిగర్ వాడాలనుకుంటే అది వేరే రోజు పని, మధ్యలో పూర్తిగా కడగాలి.

పంపు ఆన్ చేసి ముందు వేడివైపు కుళాయి తెరవండి. గీజరు నిండేదాకా చాలాసేపు గాలే వస్తుంది, ఓపిక పట్టండి. ధార వచ్చి, అందులో క్లోరిన్ వాసన తెలిసేదాకా ఉంచి మూయండి. తర్వాత ప్రతి కుళాయి, షవర్, బయటి షవర్ రెండువైపులా ఇదే విధంగా. వాసన రాని కుళాయికి మందు చేరనట్టే. చివరగా తగ్గిన ట్యాంకును మళ్లీ పైదాకా నింపండి.

4 గంటలు ఉంచండి. రాత్రంతా వదిలేయమనేవాళ్లున్నారు గానీ ఈ బలానికి 4 గంటలు సరిపోతాయి. ఎక్కువసేపు ఉంటే రబ్బరు వాషర్లకు, గీజరు లోహానికి మంచిది కాదని నా అభిప్రాయం. వీలుంటే మధ్యలో బండిని దగ్గర్లో ఒక చుట్టు తిప్పి తీసుకురండి, నీళ్లు కదిలి ట్యాంకు పైగోడలకు కూడా తగులుతాయి. ఆ 150 లీటర్లంటే 150 కిలోల బరువని మర్చిపోకుండా నెమ్మదిగా నడపండి.

తర్వాత ట్యాంకు, గీజరు, లైన్లు ఖాళీ చేసి, మంచినీళ్లతో కనీసం రెండుసార్లు నింపి వదలండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటిలో క్లోరిన్‌కు సూచించిన మార్గదర్శక పరిమితి లీటరుకు 5 మిల్లీగ్రాములు. మనం కలిపింది దానికి పది రెట్లు. కాబట్టి వాసన తగ్గిందని సరిపెట్టుకోకుండా క్లోరిన్ కొలిచే కాగితపు పట్టీలతో ఒకసారి చూసుకోండి.

వేడి, ఫిల్టర్, మిగిలినవి

ఇప్పుడు కొత్త ఫిల్టర్ బిగించి, మొదటి కొన్ని లీటర్లు పారబోయండి. టాయిలెట్ గిన్నెలో కాసిని నీళ్లు పోసి మర్నాడు పొద్దున చూడండి. నీళ్లు మాయమైతే అడుగు రబ్బరు ఎండిందన్నమాట. శుభ్రం చేసి సిలికాన్ గ్రీజు రాయండి, పెట్రోలియం జెల్లీ మాత్రం వద్దు, అది రబ్బరును ఉబ్బిస్తుంది.

గీజరుకు కరెంటు ఇచ్చే ముందు వేడినీళ్ల కుళాయి ఒక్కటి తెరిచి, గాలి తుంపర్లు లేకుండా నిండు ధార వస్తోందని కళ్లారా చూడండి. బైపాస్ పొరపాటున చలికాలపు స్థితిలోనే ఉంటే కూడా కుళాయిలో నీళ్లొస్తాయి, కాబట్టి వాల్వుల ఫొటోతో ఇంకోసారి పోల్చుకోండి. గ్యాస్‌తో నడిపేదైతే బర్నర్ గొట్టంలో సాలెగూడు ఉందేమో చూడండి. మంట నీలంగా కాకుండా పసుపుగా, ఊగుతూ వస్తే ఆపేసి శుభ్రం చేయండి.

వేడెక్కేటప్పుడు గీజరు పక్కనుండే సేఫ్టీ వాల్వు నుంచి చుక్కలు పడితే భయపడకండి. నీరు వేడెక్కి వ్యాకోచించడానికి పైన కాస్త గాలి ఉండాలి, ఆ గాలి లేకపోతే ఇలా చుక్కలు పడతాయి. గీజరు ఆపి, నీళ్లు పూర్తిగా చల్లారాక, పంపు, బయటి నీళ్లు రెండూ కట్టేసి, ఒక వేడినీళ్ల కుళాయి తెరిచి, సేఫ్టీ వాల్వు పిడి పైకెత్తండి. కారడం ఆగాక వదిలేస్తే పైభాగంలో గాలి చేరుతుంది. ఆ తర్వాత కూడా కారుతూనే ఉంటే వాల్వు మార్చాలి.

వారాల తర్వాత వేడినీళ్లు మాత్రమే కుళ్లిన గుడ్డు వాసన వేస్తే, నీళ్లలోని సల్ఫేటును తినే బ్యాక్టీరియా గీజరులో చేరిందన్నమాట, మెగ్నీషియం యానోడ్ దానికి తోడవుతుంది. గీజరు ఖాళీ చేసి, ఇదే కొలత బ్లీచ్‌తో మళ్లీ శుద్ధి చేయండి. బండి రెండు మూడు వారాలు కదలదనుకున్నప్పుడు ట్యాంకును నింపి ఉంచకుండా ఖాళీ చేసి, డ్రెయిన్ మూత తెరిచే పెట్టండి.